తులోలో ఒక వాటా ఖాళీ ఉంటే చెప్పండి

పోయిన సంచికలో చైనా పల్లెల మట్టి ఇళ్ళ ఫొటోలు నాలుగు వేసి, కింద రెండు ముక్కలు రాశాం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం బెంగళూరువే, మిగతావి చెన్నై, హోసూరు వైపు నుంచి. రాసినవాళ్ళలో చాలామంది ఊళ్ళో మట్టి మిద్దెలోనో చుట్టింట్లోనో పుట్టి, ఇప్పుడు పన్నెండో అంతస్తులో ఈఎంఐ కట్టుకుంటున్నవాళ్ళే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను. పేర్లు తీసేసి ఏరియా మాత్రం ఉంచాను.

ప్రశ్న: ఫొటోలో ఉన్న ఆ గుండ్రటి మట్టి కట్టడం నిజంగా ఇల్లేనా? కోటలా ఉంది. అందులో వందల మంది ఉండేవాళ్ళని రాశారు. మా అపార్ట్‌మెంట్‌లోనూ వందల మంది ఉన్నాం, ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా తెలీదు. వాళ్ళు కొట్టుకోకుండా ఎలా ఉండేవాళ్ళు? ఒక వాటా ఖాళీ ఉంటే చెప్పండి, వర్క్ ఫ్రమ్ హోమ్ అక్కడినుంచే చేసుకుంటాను.
— పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఇల్లేనండీ. కోట కూడా. ఫూజియాన్ అని చైనాకి ఆగ్నేయ మూలన, తైవాన్‌కి ఎదురుగా ఉండే ప్రావిన్స్. తీరం వదిలి లోపలి కొండల్లోకి వెళ్తే వరిమళ్ళు, తేయాకు తోటలు, పొగాకు చేల మధ్యలో ఇవి కనిపిస్తాయి. తులో అంటారు. యునెస్కో 2008లో వీటిలో 46 ఇళ్ళను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 15వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా వేరువేరు కాలాల్లో కట్టినవి అవి. బాగా పెద్ద ఇంట్లో 800 మంది దాకా ఉండేవాళ్ళు. ఫొటోల్లో గుండ్రటివే ఎక్కువ కనిపిస్తాయి గానీ నలుచదరంగా ఉన్నవీ బోలెడు.

లోపలికి వెళ్ళడానికి సాధారణంగా ఒకటే పెద్ద గుమ్మం. చెక్క తలుపు, దాని మీద ఇనుప రేకు తాపడం. దొంగలు తలుపుకి నిప్పు పెడితే పైనుంచి నీళ్ళు పోసి ఆర్పడానికి కొన్ని ఇళ్ళలో గుమ్మం మీద తూములు కూడా పెట్టారు. కింది రెండు అంతస్తులకి బయటివైపు కిటికీలుండవు. ఆ కొండల్లో బందిపోట్ల బెడద ఎక్కువ, చుట్టుపక్కల వంశాలతో తగాదాలు సరేసరి. బయటివాడికి గోడ, లోపలివాడికి నడిమధ్య ఆకాశం, అంతే ప్లాను.

ఇక కాపురం సంగతి. మన అపార్ట్‌మెంట్‌ని అడ్డంగా కోసి అమ్ముతారు, వాళ్ళు నిలువుగా కోసుకున్నారు. ఒక కుటుంబానికి కింద వంటిల్లు, దాని నెత్తిన ధాన్యం గది, ఆ పైన పడక గదులు. గదులన్నీ దాదాపు ఒకే కొలత, పెద్దన్నకి పెద్ద గది, చిన్నోడికి మూల గది అన్న గొడవే లేదు. కానీ మెట్లు, వరండాలు మాత్రం ఉమ్మడి. అంటే వంటింట్లోంచి బయల్దేరి మంచం ఎక్కేలోపు పెదనాన్న గుమ్మం, చిన్నాన్న గుమ్మం, మాటల్లేని దాయాది గుమ్మం అన్నీ దాటుకుంటూ వెళ్ళాలి.

యోంగ్‌దింగ్ ప్రాంతంలో ‘చెంగ్‌చీ లో’ అని ఒకటుంది (పేరు చివర ‘లో’ అంటే వాళ్ళ భాషలో మేడ), 1709లో పూర్తయింది. ఒకదాని లోపల ఒకటి వలయాలు. బయటి వలయం నాలుగంతస్తులు, అంతస్తుకి 72 గదులు, లోపలికి పోయేకొద్దీ ఎత్తు తగ్గుతూ నట్టనడుమ పూర్వీకుల మందిరం. మొత్తం జియాంగ్ అనే ఒకే ఇంటిపేరు వాళ్ళది. బాగా నిండిన రోజుల్లో 80 కుటుంబాలు, 600 మందికి పైగా ఉండేవాళ్ళట. గుమ్మానికి అటొక పాదం, ఇటొక పాదం పద్యం రాసి ఉంటుంది: పూర్వీకుల కష్టం, పొదుపు నిలబెట్టుకోమని ఒకవైపు, పిల్లలకి చదువు, సేద్యం దారి చూపించమని ఇంకోవైపు. పెళ్ళి, చావు, కొత్త సంవత్సరం పూజ, పెద్దమనుషుల పంచాయితీ, ఏదైనా ఆ మధ్య మందిరంలోనే.

కొట్టుకోలేదా అంటే... తోడికోడళ్ళు అందరూ ఒకే బావిలో నీళ్ళు తోడుకునే ఇంట్లో మాటా మాటా రాకుండా ఉంటుందా చెప్పండి. నాకు ఆ ఇళ్ళలో ఆసక్తిగా అనిపించేది వేరే. గదులు పంచుకున్నారు గానీ గోడ పంచుకోలేదు. గుమ్మం, బావి, మందిరం, చుట్టూ తిరిగే పైకప్పు అన్నీ ఒకటే. నా వాటా మీద పెంకులు జారిపోయి గోడలోకి నీళ్ళు దిగితే, ఆ గోడ నీ వాటాని కూడా పట్టుకునే కూలుతుంది. అందుకని ముఖముఖాలు చూసుకోకపోయినా బాగుచేతకి డబ్బు ఇవ్వక, మనిషిని పంపక తప్పదు. వంశం, ఉమ్మడి అని ఆ పద్యాల్లో ఉన్నదంతా ఈ లెక్క మీద నిలబడిందే. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయిన రోజు మెట్ల మీద అందరూ అందరితో మాట్లాడతారు చూడండి, వాళ్ళకి రోజూ లిఫ్ట్ ఆగిపోయినట్టే.

వాటా సంగతి అడిగారు కాబట్టి ఒకటి చెప్పాలి. పాత తులోల్లో చాలావాటికి మరుగుదొడ్లు గోడకి అవతల ఉండేవి. రాత్రి గుమ్మం మూసేస్తారు. గది బయట చెక్క బకెట్ ఒకటి పెట్టుకునేవాళ్ళు. వైఫై గురించి ఆలోచించే ముందు దీని గురించి ఆలోచించుకోండి.

ప్రశ్న: తులోలు కట్టింది హక్కా వాళ్ళని రాశారు. మేం ప్రతి శుక్రవారం తినే హక్కా నూడుల్స్ వాళ్ళవేనా?
— హాస్టల్ గ్యాంగ్, కోరమంగళ

జవాబు: పేరు వాళ్ళదే. ఉత్తర చైనా మైదానాల నుంచి కొన్ని వందల ఏళ్ళ పాటు విడతలు విడతలుగా దక్షిణానికి వలస వచ్చిన జనం హక్కాలు. మంచి మాగాణి అప్పటికే వేరేవాళ్ళ చేతుల్లో ఉంది, వీళ్ళకి కొండలు మిగిలాయి. వాళ్ళలో కొంతమంది ఆ తర్వాత సముద్రం దాటి కోల్‌కతా చేరారు, అక్కడ టాంగ్రాలో తోళ్ళ పరిశ్రమ పెట్టుకున్నారు. ఇండో చైనీస్ వంట ఆ కోల్‌కతా చైనా వంటిళ్ళలో మన మసాలాలతో తయారైంది. కాబట్టి మీ శుక్రవారం ప్లేటుకి, ఫూజియాన్ కొండల్లో తులో వంటింటికి చుట్టరికం బాగా దూరం.

మరొకటి. తులోలన్నీ హక్కాలవే అనుకుంటారు, కాదు. హువాన్ అనే చోట ఎర్‌యీ లో అని 1770లో పూర్తయిన పెద్ద గుండ్రటి ఇల్లుంది, అది మిన్నాన్ భాష మాట్లాడేవాళ్ళది. దాంట్లో ప్రతి వాటాకీ సొంత మెట్లు. దాయాది గుమ్మం దాటక్కర్లేదు.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. తులో అంటే గ్రామీణ చైనా సంస్కృతికి గుర్తు అని మా క్లాసులో చెప్పారు, దాని మీదే నా సెమినార్. అంత పెద్ద దేశానికి ఒక రకం ఇల్లు గుర్తు ఎలా అవుతుంది? ఏం మాట్లాడాలో తెలీక టెన్షన్‌గా ఉంది.
— విద్యార్థి, బీటీఎం లేఅవుట్

జవాబు: తమ్ముడూ, నీ అనుమానమే నీ సెమినార్. ధైర్యంగా దాంతోనే మొదలుపెట్టు.

మూలాన్ అనే వీరవనిత కథ మీద 2020లో హాలీవుడ్ సినిమా వచ్చింది గుర్తుందా, అందులో ఆ అమ్మాయి ఇల్లు ఏంటో తెలుసా? తులో. చైనా జనం ఇంటర్నెట్‌లో ఒక ఆట ఆడుకున్నారు. ఎందుకంటే మూలాన్ ఉత్తరాది కథ, ఉత్తర రాజవంశాల కాలం నాటి పాట, ఇంచుమించు 1,500 ఏళ్ళ నాటి మాట. తులోలేమో దేశానికి ఇంకో కొసన, ఎన్నో వందల ఏళ్ళ తర్వాత కట్టినవి. పోస్టర్ మీద ఇల్లు అందంగా ఉంది, చైనాదే, ఇంకేం కావాలి అనుకున్నారు. ఒక ఇంటిని దేశానికి గుర్తు చేస్తే జరిగేది ఇదే, అది ఏ కొండది, ఎవరిది అన్న సంగతి ముందు ఎగిరిపోతుంది.

ఆ ఉత్తరాదిలో మట్టి ఇల్లు అంటే పూర్తిగా వేరే. అక్కడ మట్టితో ఇల్లు కట్టరు, మట్టిలో ఇల్లు తవ్వుతారు. షాన్‌షీ, గాన్సూ, హెనాన్ పడమటి వైపు కలిపి లోస్ పీఠభూమి అని ఉంది. లక్షల ఏళ్ళుగా గాలి మోసుకొచ్చి పోసిన పసుపు ధూళి అది, చాలాచోట్ల వంద మీటర్లకి పైగా మందం. కత్తితో కోసినట్టు నిలువుగా కోసినా నిలబడుతుంది, గునపానికి సులువుగా లొంగుతుంది. చెట్లు తక్కువ, కలప ఖరీదు. అలాంటి చోట కొండ చరియలోకి కమాను ఆకారంలో తవ్వుకుని ముందు ఒక గోడ, తలుపు, కిటికీ పెట్టుకోవడం కంటే చవకైన ఇల్లేముంటుంది? వాటిని యావ్‌దోంగ్ అంటారు. 3 నుంచి 4 కోట్ల మంది వాటిలో ఉండేవాళ్ళని లెక్క చెబుతారు. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా. లోపల కాంగ్ అని ఇటుకలతో కట్టిన పెద్ద అరుగు ఉంటుంది, వంట పొయ్యి పొగ దాని కడుపులోంచి తిరిగి బయటికి పోతుంది. అన్నం ఉడికిన వేడితోనే రాత్రి పడక వెచ్చబడుతుంది. ఆ అరుగు మీదే నిద్ర, భోజనం, చుట్టాలతో కబుర్లు, పిల్లల చదువు. కిటికీకి చెక్క అల్లిక, దానికి తెల్ల కాగితం, కొత్త సంవత్సరానికి ఆ కాగితం మీద ఆడవాళ్ళు కత్తిరించిన ఎర్ర కాగితం పువ్వులు. ఆ కాగితం కత్తిరింపు కళని యునెస్కో 2009లో తన జాబితాలో పెట్టుకుంది. ఇల్లు వదిలేసి కళని మాత్రం ఫ్రేము కట్టించుకున్నవాళ్ళు ఇప్పుడు సిటీల్లో చాలామంది ఉన్నారు, అది వేరే కథ.

ఉత్తర షాన్‌షీలో రాతితో కమాను కట్టి పైన మట్టి కప్పే రకం కూడా ఉంది. దాంట్లో చివరి రాయి పెట్టే రోజు ఊరంతటికీ పండగ. నడిమి కమానులో ఆ ఒక్క రాయికి చోటు వదిలేసి ఉంచుతారు, మంచి ముహూర్తం చూసి ఎర్ర గుడ్డ కట్టి పెడతారు, మేస్త్రీకి మర్యాద, బంధువులకి భోజనాలు. మన శంకుస్థాపన మొదట్లో ఉంటే వాళ్ళది చివర్లో అన్నమాట.

అన్నిటికన్నా చూడాల్సింది హెనాన్‌లో సాన్‌మెన్‌షియా దగ్గరి ఊళ్ళు. అక్కడ చరియ కూడా లేదు, చదునైన నేల. ఏం చేశారంటే, ఆరేడు మీటర్ల లోతున నలుచదరపు గొయ్యి తవ్వి, ఆ గొయ్యి నాలుగు గోడల్లోకి గదులు తవ్వారు. దూరం నుంచి చూస్తే ఊరే కనిపించదు, చెట్ల కొసలు కనిపిస్తాయి. గొయ్యి అంచున పిట్టగోడ, లోపలికి దిగడానికి ఏటవాలు దారి, వాన నీళ్ళు ఇంకడానికి వాకిట్లో ఒక బావి. పైన నేల ఉంది చూడు, అది ఆ ఇంటి కప్పు. దాని మీదే ధాన్యం నూర్చుకుంటారు, ఆరబోసుకుంటారు. వాన పడి వెలిశాక రాతి గుండు దొర్లించి ఆ నేలని మళ్ళీ గట్టి చేస్తారు, గడ్డి మొలిస్తే పీకేస్తారు. ఎందుకంటే గడ్డి వేళ్ళ వెంబడి నీళ్ళు దిగుతాయి, నీళ్ళు దిగితే పడక మీద కప్పు రాలుతుంది. ఈ ఇళ్ళు కట్టే పనితనాన్ని 2011లో చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. జాబితాలో చేర్చింది తవ్వడాన్ని. నన్నడిగితే వాన వెలిశాక గుండు దొర్లించడాన్ని చేర్చాలి.

ఇప్పుడు నీ సెమినార్‌కి అసలు ముక్క. ఆ గుహ ఇల్లే చైనా ప్రభుత్వానికి ఒక కథ. 1937 నుంచి పదేళ్ళు కమ్యూనిస్టుల కేంద్రం యెనాన్, మావో అక్కడ యావ్‌దోంగ్‌లోనే ఉన్నాడు. షీ జిన్‌పింగ్ కుర్రాడిగా 1969లో లియాంగ్‌జియాహె అనే ఊరికి పంపబడి, 1975 దాకా అక్కడి గుహ ఇళ్ళలోనే గడిపాడు. ఇప్పుడు ఆ ఊరికి బస్సుల్లో జనం వెళ్ళి చూసొస్తారు. మరి ఆ పక్క ఊరివాడికి? అదే ఇల్లు పేదరికానికి బోర్డు. పిల్లనిచ్చేవాళ్ళు టౌన్‌లో ఫ్లాట్ ఉందా అని అడుగుతారు. ప్రభుత్వం ఒక చేత్తో 2012 నుంచి సంప్రదాయ గ్రామాల జాబితా రాస్తోంది, అది 8,000 దాటింది. ఇంకో చేత్తో పేదరిక నిర్మూలన కింద 2016 నుంచి 2020 లోపు 96 లక్షల మందిని మారుమూల ఊళ్ళ నుంచి కొత్త ఇళ్ళకి తరలించింది. రెండూ తప్పని నేను అనను. కొండ మీద నీళ్ళు, బడి లేని గుహలో నువ్వూ నేనూ ఉండం, ఉండమని ఇంకొకరికి చెప్పే హక్కూ మనకి లేదు. కానీ గుర్తింపు అంటే ఎవరు గుర్తిస్తున్నారు అన్న ప్రశ్న నీ మొదటి స్లైడ్‌లోనే వేసేయి, సెమినార్ దానంతట అదే నడుస్తుంది.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మట్టి గోడ మూడు వానాకాలాలు నిలవడం నేను చూడలేదు. మీరేమో 300 ఏళ్ళంటున్నారు. భూకంపాల సంగతేంటి?
— పాఠకుడు, మడిపాక్కం, చెన్నై

జవాబు: సార్, మీరు చూసిన గోడకి బహుశా టోపీ, బూట్లు రెండూ లేవు. తులో గోడ కింద రాతికట్టు ఉంటుంది, నేల తడి మట్టిదాకా ఎక్కదు. పైన పెంకుల చూరు గోడ దాటి బాగా ముందుకి వస్తుంది, ఏటవాలు జల్లు కూడా గోడని పెద్దగా తాకదు. ఫూజియాన్‌లో తుపానులకి, వానలకి కొరతేం లేదని మీకు తెలుసు. గోడ కింద మీటరు పైగానే మందం, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది. చెక్క పలకల మధ్య తడిపొడి మట్టిని పోసి దిమ్మిసతో దంచుతారు, మధ్యమధ్య వెదురు బద్దలు పరుస్తారు. మట్టిలో ఇసుక, సున్నం, కొన్నిచోట్ల జిగురు బియ్యపు గంజి, బెల్లం లాంటి ముడి చక్కెర కూడా. మన పాత సున్నం గచ్చులో బెల్లం, కరక్కాయ వేసినట్టే కదా. పొర ఆరాకే పై పొర, పెద్ద ఇంటికి ఏళ్ళు పట్టేది.

భూకంపం విషయంలో రెండు మట్టి ఇళ్ళనీ ఒకే గాట కట్టకూడదు. తులోకి బయట బరువైన గోడ, లోపల కలప చట్రం. చట్రం కీళ్ళు మేకుల్లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చినవి కాబట్టి ఊగుతుంది గానీ విరగదు. 1693లో కట్టిన హువాన్‌జీ లో అనే ఇంటికి 1918 భూకంపంలో గుమ్మం పైన గోడ చీలింది. ఇల్లు కూలలేదు. గుహ ఇళ్ళ కథ మాత్రం భయంకరం. 1556 జనవరిలో షాన్‌షీలో వచ్చిన భూకంపంలో దాదాపు 8,30,000 మంది పోయారని చైనా రికార్డులు చెబుతాయి, చరిత్రలో అంతకంటే ఎక్కువ మందిని చంపిన భూకంపం ఇంకోటి లేదు. అంతమంది పోవడానికి ఒక పెద్ద కారణం ఆ లోస్ గుహలే, నిద్రలో ఉన్నవాళ్ళ మీద కొండే కూర్చుంది. 1920లో హైయువాన్ భూకంపంలో మళ్ళీ 2 లక్షల మందికి పైగా. మట్టి ఇల్లు పర్యావరణానికి మంచిది అని పోస్టులు పెట్టేవాళ్ళు ఈ రెండు సంవత్సరాలు కూడా పక్కన రాస్తే బాగుంటుంది.

మీలాంటి ఇంజనీర్లకి నచ్చేది ఒకటుంది. 2014లో యునాన్‌లోని లూదియాన్‌లో భూకంపం వచ్చి మట్టి ఇళ్ళు కూలాయి. జనం ఇటుక, సిమెంటు వైపు వెళ్ళారు, ధర పెరిగిపోయింది. హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ వాళ్ళు గ్వాంగ్‌మింగ్ అనే ఊళ్ళో మట్టి పాళ్ళు సరిచేసి, గోడల్లో స్టీలు, కాంక్రీట్ బెల్టులు పెట్టి, ఒక ముసలి దంపతులకి మళ్ళీ దిమ్మిస మట్టితోనే ఇల్లు కట్టి చూపించారు. అది 2017లో వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో ఆ ఏటి మేటి కట్టడంగా గెలిచింది. పెద్ద పెద్ద ఎయిర్‌పోర్టులూ టవర్లూ పోటీపడే చోట.

ప్రశ్న: ఆఫీసు పని మీద షియామెన్ వెళ్ళినప్పుడు ఒకరోజు తులో టూరుకి వెళ్ళాను. టికెట్, గైడు, వంటింటి గుమ్మంలో టీ ప్యాకెట్లు, ఫ్రిజ్ మ్యాగ్నెట్లు. పై అంతస్తులకి వెళ్ళనివ్వలేదు. కుర్రవాళ్ళు కనిపించలేదు. ఇదంతా నాటకం అనిపించింది. ఇంకా సంస్కృతి అనొచ్చా?
— పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: మీరు వెళ్ళింది కొండమీద నుంచి కిందికి చూస్తే మధ్యలో ఒక చదరపు ఇల్లు, చుట్టూ నాలుగు గుండ్రటివి కనిపించే ఊరు అయితే, అది తియాన్‌లువోకెంగ్. నాలుగు కూరలు, ఒక సూప్ అని దానికి ముద్దు పేరు. ఆ మధ్యలోది 1796లో కట్టారు, 1936లో బందిపోట్లు తగలబెట్టారు, 1953లో ఊరివాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. అక్కడే ఉన్న కోడిగుడ్డు ఆకారపు ఇల్లు ఏ రాజుల కాలానిదో అనుకుంటాం, 1966లో కట్టింది. అంటే మన అమ్మానాన్నల వయసు. అది పురావస్తువు కాదు సార్, మొన్నమొన్నటిదాకా అవసరమై కట్టుకున్న ఇల్లు.

ఫ్రిజ్ మ్యాగ్నెట్ల మీద నాకు కోపం లేదు. జెన్‌చెంగ్ లో అని 1912లో కట్టిన ఇల్లుంది, తులోల్లో యువరాజు అంటారు, లోపల పాశ్చాత్య పద్ధతి స్తంభాలు కూడా పెట్టించారు. ఆ డబ్బు ఎక్కడిది? పొగాకు కోసే కత్తుల వ్యాపారంలోది. పొగాకు డబ్బు లేచి మేడలు కట్టడం గుంటూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వ్యాపారం ఆ ఇళ్ళలోకి టూరిస్టుల వెంట రాలేదు, పునాదిలోనే ఉంది. ఇవాళ ముసలాయన కూర్చుని టీ అమ్మడం ఆ ఇంటిని పోషించే పద్ధతే. మీరు వెళ్ళనివ్వలేదన్న పై అంతస్తులో ఎవరిదో మంచం ఉండి ఉండొచ్చు, వెళ్ళనివ్వకపోవడమే మంచిది.

కుర్రవాళ్ళు లేకపోవడం మాత్రం నిజమైన సమస్య. షియామెన్‌లో, గ్వాంగ్‌జౌలో ఉంటారు, చంద్రమాన కొత్త సంవత్సరానికి, సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ పండగకి వస్తారు. ఆ రెండు రోజులూ మందిరం నిండుతుంది. సంక్రాంతికి మెజెస్టిక్ బస్టాండ్‌లో నిలబడినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే, రెండు రోజులకైనా రావడానికి అక్కడ పేరు మీద ఒక గది ఉండటం చాలా పెద్ద విషయం. గది అమ్ముకుని వెళ్ళిపోయినవాడు టికెట్ కొనుక్కుని రావాలి.

ఇంకో సంగతి, 2008లో ఫోషాన్ దగ్గర నాన్‌హాయ్‌లో ఊళ్ళ నుంచి వలస వచ్చిన కూలీల కోసం గుండ్రటి అపార్ట్‌మెంట్ ఒకటి కట్టారు, తులో లెక్కనే, కాంక్రీటుతో. అర్బనస్ అనే ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్. చిన్న చిన్న గదులు, మధ్యలో ఉమ్మడి చోటు. వైట్‌ఫీల్డ్‌లో టవర్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే కట్టుబడి కూలీలని రోజూ చూస్తారు కదా మీరు. అలాంటి ప్లాను మన బిల్డర్లకి ఎవరైనా చూపిస్తే బాగుండు.

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. తాతగారు కట్టిన మట్టి మిద్దె ఉంది, రెండేళ్ళుగా తాళం. నాన్న, ఇద్దరు చిన్నాన్నలు ఉమ్మడి హక్కుదారులు. పడగొట్టి డాబా వేద్దామని ఒకరు, ఉంచుదామని ఒకరు. చైనా వాళ్ళు ఉంచుకున్నట్టు మనం ఉంచుకోలేమా? లేకపోతే బెంగళూరులో మట్టి ఇల్లు కట్టుకోవడం కుదురుతుందా?
— పాఠకురాలు, యలహంక

జవాబు: రెండో ప్రశ్న సులువు. కుదురుతుంది, ఇక్కడ చాలామంది కట్టుకున్నారు. మన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో అస్త్ర అని పల్లెలకి పనికొచ్చే టెక్నాలజీ కోసం ఒక విభాగం పెట్టారు, మట్టిలో ఇసుక, కొద్దిగా సిమెంటు కలిపి మెషీన్‌లో ఒత్తి బట్టీలో కాల్చకుండా వాడే మట్టి ఇటుకల మీద అక్కడ ఏళ్ళ తరబడి పని జరిగింది. బెంగళూరు ఎర్రమట్టి దానికి బాగా పనికొస్తుంది. చాలామంది పునాది తవ్విన మట్టితోనే ఇటుకలు ఒత్తించుకుంటారు. నల్లరేగడి అయితే వద్దు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. మట్టి పరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

మొదటి ప్రశ్నకి చైనాని ఆదర్శంగా పెట్టుకోకండి, అక్కడా పడగొట్టినవే ఎక్కువ. మీ మిద్దె విషయంలో తేల్చుకోవాల్సింది ఒకటే, వాన నీళ్ళు దిగకుండా ఏటా కప్పు మీద చౌడు మట్టి ఎవరు వేయిస్తారు? ముగ్గురన్నదమ్ముల్లో ఎవరూ ఆ మాట ఇవ్వకపోతే ఉంచడం అంటే కూలేదాకా చూస్తూ ఉండటమే, దానికంటే దూలాలు, తలుపులు, ద్వారబంధాలు జాగ్రత్తగా విప్పి కొత్త ఇంట్లో వాడుకోవడం నయం. ఒక్కరైనా ఇస్తే మిద్దె నిలుస్తుంది. ఖర్చు మూడు వాటాలుగా రాసుకోండి, స్థలం పంపకాల గొడవ మాత్రం ఇప్పుడే ఎత్తకండి. గోడలకి సిమెంటు పూత పూయిద్దామని ఎవరైనా మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. మట్టి గోడలో చెమ్మ బయటికి రావాలి, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది, రెండేళ్ళలో పెచ్చులతో పాటు గోడ కూడా ఊడొస్తుంది. సున్నమో, మట్టి పూతో చాలు.

రెండేళ్ళు తాళం అన్నారు కాబట్టి ముందు దూలాలకి చెద పట్టిందేమో ఊళ్ళో వడ్రంగి చేత ఒకసారి పొడిపించి చూపించండి. కప్పు మీద గడ్డి, తుమ్మ మొక్కలు ఉంటే వేళ్ళతో సహా తీయించండి. వానలు జూన్‌లో మొదలవుతాయి, చౌడు మేలోనే పడిపోవాలి. చిన్నాన్నలతో మీటింగు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.